పలక నేర్పిన పాఠము

మార్కాపురము పేరు వినగానే మా తరమువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది పలక. ఆ పట్టణపు చుట్టుపట్ల భూమిలో పొరలు పొరలుగా దొరకు రాతిని చీల్చి, కోసి, చట్రము బిగించి చేసిన పలకలపై ఎన్నో ప్రాంతముల బాలబాలికలు అక్షరములు దిద్దిరి. పలకకు ఒక సుగుణము కలదు. తుడిచినంతనే అది మరల క్రొత్తదగును. అన్న దిద్దిన పలకపైననే తమ్ముడును దిద్దెడివాడు. నేడు మన చేతిలోని కలము, సిరా అయిపోగానే, కిటికీగుండ బయట పడుచున్నది. దానితో మన పని తీరినదని తలంచుచున్నాము. కాని ఒక వస్తువు మన కంటికి కనబడకుండ పోయినంతమాత్రమున లోకమునుండి పోయినట్లు కాదు.

ఈ సత్యమును నేను ఆలస్యముగా గ్రహించితిని. ఈ పశ్చిమ ప్రకాశము ప్రాంతములోని ఒక ఉన్నత పాఠశాలలో నేను ప్రధానోపాధ్యాయుడనై యుండగా, ప్రతిదినము చివరి గంటలో చెత్తనంతను ప్రహరీగోడ వెనుక కుప్పవోయించి తగులబెట్టించెడివాడను. ఆవరణము అద్దమువలె నుండెడిది. చూచినవారు మెచ్చుకొనెడివారు. ఒకనాడు ఎనిమిదవ తరగతిలో పరిశుభ్రతను గూర్చి వ్యాసము చెప్పుచుండగా, గాలి తిరిగి పొగ గదిలోనికి వచ్చెను. ముందు వరుసలోని బాలుడొకడు దగ్గుచు, "అయ్యవారూ, చెత్త పోయినదంటిరి గదా, మరి ఇది ఏమిటి?" అని యడిగెను. నాకు ఉత్తరము తోచలేదు. మరునాటినుండి నిప్పు పెట్టుట మాన్పించితిని. కాని అంతవరకు ఎందరు పిల్లలచేత ఆ పొగ పీల్పించితినో తలచుకొన్నచో నేటికిని సిగ్గు కలుగును.

ప్లాస్టిక్కు కాలునప్పుడు విషవాయువులు వెలువడును. కొన్నిరకముల ప్లాస్టిక్కునుండి డయాక్సినులను మిక్కిలి హానికరములైన పదార్థములు పుట్టును. సన్నని మసి ఊపిరితిత్తులలో లోతుగా చేరును. పలకరాతిని కోయునప్పుడు లేచు ధూళిలో సిలికా యుండును. దానిని ఏండ్లతరబడి పీల్చినవారికి సిలికోసిస్ అను మానని వ్యాధి కలుగవచ్చును. ఆ కార్మికుడు పొట్టకూటికై ధూళిని పీల్చుచున్నాడు. మనమో, కేవలము సోమరితనముచేత పొగను పీల్చుచున్నాము. చెత్తను బహిరంగముగా కాల్చరాదనియు, తడిచెత్తను పొడిచెత్తను వేరుచేయవలెననియు 2016లో భారత ప్రభుత్వము నియమములు చేసినది. పాఠశాలయే ఆ నియమమును మీరినచో, పిల్లలు పుస్తకమును నమ్ముదురా, పొగను నమ్ముదురా?

ఇక నీటి సంగతి. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి యను శాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి ప్రకటించిరి. నేడు మన పొరుగుననున్న పొదిలి, దర్శి, కనిగిరి ఆనాడు ఆ జిల్లాలోనివే. ఫ్లోరైడు రాళ్లనుండి నీటిలో కరిగివచ్చును. అది హెచ్చుపాళ్లలో నున్న నీటిని చిరకాలము త్రాగినచో పండ్లు గారపట్టును, ఎముకలు చెడును. ఆ భయముచేతనే శుద్ధిచేసిన నీటిని డబ్బాలతో కొనుచున్నాము. రాతినుండి వచ్చిన దోషము మనది కాదు. కాని వాగులో పడవేసిన సంచి మనదే. కంభము చెరువును నింపు గుండ్లకమ్మ సముద్రమునకు పోవును. గిద్దలూరు ప్రాంతపు సగిలేరు పెన్నలో కలియును. మనము విడిచిన మలినము దిగువనున్నవారి కడవలోనికి చేరును. నీటికై ఇంత కష్టపడు సీమవారమే నీటిని చెరుపుట తగునా?

డెంగీ జ్వరమును తెచ్చు దోమ మురుగుగుంటలలోకంటె పాతటైరులలో, కొబ్బరిచిప్పలలో, పారవేసిన గ్లాసులలో నిలిచిన తేటనీటిలోనే పెరుగును. అది పగటివేళ కుట్టును. పగలెల్ల మీరుండునది పాఠశాలయే గదా! గ్రుడ్డు దోమయగుటకు ఇంచుమించు వారము, పదిదినములు పట్టును. కావున వారమున కొకసారి అట్టి నీటిని ఒలకబోసినచో దాని వంశము పెరుగదు.

"మా పిల్లలు చదువుకొనుటకు వచ్చిరా, చెత్త యేరుటకు వచ్చిరా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుదురు. వారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఈ పనిని ఆడపిల్లలకో, బీదపిల్లలకో, ఒక కులమువారికో అంటగట్టుట అన్యాయము. గాజుపెంకులను, సూదులను, మరుగుదొడ్లను పిల్లలచేత ముట్టించుట తప్పు. కాని తాను తిని పారవేసిన తొక్కను తగినచోట వేయుట శిక్ష కాదు, చదువే. 1901లో కలకత్తా కాంగ్రెసు సభకు వెళ్లిన గాంధీజీ, అచ్చటి మరుగుదొడ్లు చూడ నలవికాకుండగా, అది తమ పని కాదని సేవకులు చెప్పినప్పుడు, తానే చీపురు సంపాదించి శుభ్రము చేసెను. పెద్దలు ముందు వంగినగాని పిన్నలు వంగరు. కనుక వంతులు వేసినప్పుడు మొదటి వంతు ప్రధానోపాధ్యాయునిది కావలెను.

బాలబాలికలారా! చేయవలసినవి పెద్ద పనులు కావు. మధ్యాహ్నభోజనములో మిగిలిన మెతుకులను, కూరగాయల తొక్కలను, రాలిన ఆకులను ఒక గోతిలో వేసి మన్ను కప్పుడు. కొన్ని నెలలలో అది ఎరువై మీ పాఠశాలలోని వేపమొక్కకు బలమిచ్చును. కాగితములను, ప్లాస్టిక్కును వేరువేరుగా కూర్చి పంచాయతివారి బండికి ఇయ్యుడు. ఒక వారములో మీ తరగతి ఎన్ని కలములను పారవేసినదో లెక్కించి నల్లబల్లపై వ్రాయుడు. మరుసటివారము ఆ సంఖ్యను తగ్గింప యత్నింపుడు.

మీలో పెక్కురు పలకపై వ్రాసి యుండకపోవచ్చును. కాని మీ ప్రాంతపు రాయి లోకమునకు నేర్పిన పాఠము సులభమైనది: వాడినదానిని శుభ్రపరచి, తరువాతివానికి పనికివచ్చునట్లు అందింపవలెను. మన పాఠశాలను, మన వాగును, మన గాలిని గూడ అట్లే అందింతము.