వియన్నా వంటలలో మిగిలిన మాటలు

దూరదేశయాత్ర చేసి వచ్చినవారిని మనము అడుగు ప్రశ్నలలో మొదటిది ‘అచ్చట ఏమి తింటిరి?’ అనునది. పండితులు దీనిని చౌకబారు ప్రశ్నగా తలంతురు. కోటలెన్ని చూచితిరి, చిత్రశాలలెన్ని తిరిగితిరి అని అడుగవలెను గాని అన్నము మాట ఎందుకని వారి భావము. మా అభిప్రాయము వేరు. కోటలను నగరము చూపరులకొరకు తీర్చిదిద్దును. పొయ్యిని తనకొరకే వెలిగించుకొనును. కావున ఎవరు ఎచ్చటనుండి వచ్చి ఆ నగరమున కాపురముండిరో, వారిలో ఎవరి బ్రతుకు ఎట్లు మారినదో, ఆ పొయ్యికడనే బాగుగ తెలియును.

అయితే మనవారిలో పెక్కురు ఆ ప్రశ్నకు చెప్పు ప్రత్యుత్తరము విచారకరము. ‘ఆవకాయ వెంట తీసికొనిపోయితిమి, గదిలోనే అన్నము వండుకొంటిమి, దేవుని దయవలన ఏ ఇబ్బందియు లేకపోయినది’ అందురు. ఇబ్బంది లేకపోవుట నిజమే. ఆ నగరము తెలియకపోవుటయు నిజమే. ఆచారమును విడువుమని మేమెవ్వరికిని చెప్పము. విడువకయే పరదేశమున ఎంత తినవచ్చునో, తిన్నదానివలన ఎంత నేర్చుకొనవచ్చునో ఆస్ట్రియా రాజధానియగు వియన్నాను ఉదాహరణముగా గైకొని చెప్పదలచితిమి. ఆ నగరమున మేము గడపిన కొలది దినములలో తెలిసికొన్న సంగతి, పరభాషాప్రాంతములలో తరతరములుగా నివసించు మన పాఠకులకు ప్రత్యేకముగా పనికివచ్చునది.

వియన్నావారి దినము రొట్టె దుకాణముతో ఆరంభమగును. ‘సెమ్మెల్’ అను చిన్న గుండ్రని రొట్టెపై ఐదు రేకుల పువ్వువలె గాట్లుండును. దానికి వెన్నయు, పండ్లపాకమును రాచుకొని తిందురు. తరువాతిది కాఫీశాల. పాలు కలిపిన ‘మెలాంజ్’ కాఫీ కావలెనన్నచో, చిన్న లోహపు పళ్లెరములో కాఫీతోపాటు ఒక గ్లాసెడు మంచినీరు తెచ్చి పెట్టుదురు. ఒక్క కప్పు పుచ్చుకొని గంటలకొలది కూర్చుండవచ్చును. కర్రచట్రములకు తగిలించిన వార్తాపత్రికలను తీరికగా చదువుకొనవచ్చును. లేచి పొమ్మని ఎవ్వరును సూచింపరు. బల్లకడ తినువాని వెనుక మరియొకడు నిలిచి కాచుకొనియుండు మన హోటళ్లకు అలవాటుపడినవానికి ఈ మర్యాద వింతగ తోచును. ఈ కాఫీశాలల సంస్కృతిని ఆస్ట్రియా 2011లో తన సాంస్కృతిక వారసత్వపు జాతీయ జాబితాలో చేర్చుకొన్నది.

ఆ గ్లాసెడు నీటికిని ఒక చరిత్ర కలదు. భూగర్భశాస్త్రజ్ఞుడగు ఎడువర్డ్ సూస్ పూనికవలన 1873లో ఆల్ప్స్ పర్వతముల ఊటనీరు కాలువలద్వారా నగరమునకు వచ్చెను. 1910లో రెండవ కాలువ తోడయ్యెను. కొండనుండి నీరు పల్లమునకు తనంత తానే ప్రవహించి వచ్చునట్లు వీనిని నిర్మించిరి. ఆ నీరే ధనికుని ఇంటికొళాయిలోను, కూలివాని ఇంటికొళాయిలోను నేటికిని వచ్చుచున్నది. శనివారము సాయంకాలము అంగళ్లు మూసిరన్నచో మరల సోమవారమే తెరచుట. ఆదివారము బేరసారములు లేవు. పెద్దలు, పిల్లలు కలసి నడకకు పోవుదురు.

ఇక సంత. నాష్‌మార్క్ట్ అను పెద్ద సంతలో కూరగాయలు, పండ్లు, ఊరగాయలు, జున్నుగడ్డలు బారులుతీరియుండును. మాంసము ముట్టనివాడు అచ్చట పస్తుండవలెనను భయము నిరాధారము. వియన్నావారి భోజనములో ‘మేల్‌ష్పైజె’ అను తెగ యొకటి కలదు. ‘మేల్’ అనగా పిండి; ‘ష్పైజె’ అనగా వంటకము. మన ‘పిండివంట’ అను మాటకు ఇంత సరియైన జోడు మరియొక భాషలో దొరకుట అరుదు. ఆప్రికాటు పండును, అనగా హైదరాబాదువారి ఖుబానీని, పిండిలో పొదిగి ఉడికించి, నేతిలో వేపిన రొట్టెపొడిలో పొర్లించిన ఉండలు మన పూర్ణపుకుడుములకు దూరపు చుట్టములు. ఆల్‌బుఖారా పండ్లను గంటలకొలది కాచి చిక్కబరచిన ‘పొవిడ్ల్’ అను పాకమును లోపల పెట్టి చేయునవి కజ్జికాయల పోలికవి. పలుచని అట్టులో తీపి చుట్టి యిచ్చునది ‘పాలచింకె’. అయితే ఒక హెచ్చరిక. పిండివంటలు పెక్కింటిలో కోడిగ్రుడ్డు పడును. చారులోను, ఉర్లగడ్డ పచ్చడిలోను గూడ గొడ్డుమాంసపు రసము కలుపుట వాడుక. అడిగి తినవలెను, అడిగినచో విసుగుకొనక చెప్పుదురు.

అట్లడుగుటలోనే మాకు అసలు సంగతి తెలిసినది. వియన్నా వంటలుగా ప్రఖ్యాతిగన్నవానిలో పెక్కింటి పేర్లు వియన్నావారి జర్మను భాషలో పుట్టినవి కావు. ‘పొవిడ్ల్’ చెక్ మాట. ‘గొలాచె’ అను తీపిరొట్టె పేరును చెక్ మాటయే. ‘గులాష్’ హంగేరీ పసులకాపరి పేరు. ‘పాలచింకె’ రుమేనియావారినుండి హంగేరీకిని, హంగేరీనుండి వియన్నాకును వచ్చిన పేరు. హబ్స్‌బర్గు చక్రవర్తుల కాలమున పలుజాతులవారు ఈ నగరమునకు పొట్టపోసికొనుటకై వచ్చిరి. బొహీమియా, మొరేవియాలనుండి వచ్చిన చెక్కులు ఇటుకబట్టీలలో పనిచేసిరి, బట్టలు కుట్టిరి, చెప్పులు కుట్టిరి. వారి ఆడువారు గొప్పయిండ్లలో వంటలు చేసిరి. 1900 నాటి జనాభా లెక్కలో తమ వాడుకభాష చెక్ అని వ్రాయించుకొన్నవారే ఈ నగరమున లక్షకు పైగా నుండిరి. యజమానురాలి వంటయింటిలో వారు వండిన వంటలే క్రమముగా వియన్నా వంటలైనవి.

ఆ మాటలకు కలిగిన గౌరవము సామాన్యమైనది కాదు. 1995లో ఆస్ట్రియా ఐరోపా యూనియన్‌లో చేరినపుడు, తన వంటయింటి మాటలు జర్మనీవారి మాటల క్రింద అణగిపోవునేమో యని శంకించి, 23 మాటలకు ప్రవేశపుటొడంబడికలోనే రక్షణము సంపాదించినది. ఉర్లగడ్డ, టమాటా, ఆప్రికాటులకు వియన్నావారు వాడు పేర్లు ఆ పట్టికలో నున్నవి. ‘పొవిడ్ల్’ కూడ నున్నది. పల్లెటూరి చెక్ వంటలక్క మూటలో వచ్చిన మాట నేడు అంతర్జాతీయపుటొడంబడిక యెక్కి కూర్చున్నది!

మరి ఆ వంటలక్క భాష యేమైనది? 1897 నుండి 1910 వరకు నగరాధ్యక్షుడైన కార్ల్ లూగర్ వియన్నా జర్మను నగరముగనే యుండవలెనని పట్టుపట్టెను. చెక్కులు తమ పిల్లల చదువుకొరకు 1872లోనే విద్యావేత్తయగు కోమెన్‌స్కీ పేర సంఘమును స్థాపించుకొనిరి. వారి బడికి ప్రభుత్వపు గుర్తింపు దొరకుట దుర్లభమయ్యెను. 1918లో సామ్రాజ్యము కూలిన పిమ్మట వేలాదిమంది చెకోస్లొవేకియాకు మరలిపోయిరి. నిలిచినవారిలో అత్యధికులు జర్మను భాషలో కలసిపోయిరి. నేడు వియన్నా ఇండ్ల తలుపులపై నోవాక్, స్వొబోద వంటి పేర్లు విరివిగా కనబడును. ఆ పేర్లుగలవారిలో చెక్ మాటలాడగలవారు అరుదు. ముత్తవ్వ చేసిన పొవిడ్ల్ వంట వారి బల్లపైకి వచ్చుచున్నది గాని, ఆమె వ్రాసిన జాబు ఇంట చదువువారు లేరు.

ఇందు విచారింపవలసినదేమి, వారు సుఖముగనే యున్నారు గదా యని కొందరనవచ్చును. వారు జర్మను నేర్చుకొనుట తప్పని మేమనము. ఉన్నచోటి భాష నేర్వనివాడు ఆ ఊరివాడు కాజాలడు. కాని ఒకటి నేర్చుటకు రెండవది విడువవలెనను నియమమెక్కడిది? కోమెన్‌స్కీ బడి నేటికిని వియన్నాలో నడచుచున్నది. అందలి పిల్లలు రెండు భాషలును నేర్చి వీధిలోనికి వచ్చుచున్నారు. నగరమునకు దానివలన లోటేమియు కలుగలేదు.

ఈ కథ గతించినది కాదు. అదే నగరమున బ్రున్నెన్‌మార్క్ట్ అను వీధిసంతకు పోయినచో, 1964లో తుర్కీతోను, 1966లో యుగోస్లావియాతోను చేసికొన్న ఒడంబడికల ననుసరించి కూలిపనికి వచ్చినవారి బిడ్డలును, మనుమలును రొట్టెలు, ఆలివుకాయలు, మిరపకాయలు అమ్ముచుందురు. వారి కబాబును వియన్నావారు ఇష్టముగ తినుచున్నారు. మంచిదే. కాని వంటను మెచ్చుట వేరు, వండినవారిని తమ సరసన కూర్చుండనిచ్చుట వేరు. మొదటిది నాలుక చేయు పని. రెండవది మనసు చేయవలసిన పని. అధికసంఖ్యాకులకు ఈ నగరము నేర్పు పాఠమిది.

అల్పసంఖ్యాకులకు నేర్పు పాఠము ఇంతకంటె కఠినమైనది. వంటయిల్లు భాషను కాపాడునని మనము ధీమాతో నున్నాము. ఊరేదైనను మన ఇంట గోంగూర పచ్చడి యున్నది, ఉగాదికి పచ్చడి యున్నది, సంక్రాంతికి అరిసెలున్నవి, ఇక తెలుగుకు వచ్చిన కొరత యేమియని హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను అనువారు కలరు. వియన్నా చెక్కుల ఇండ్లలోను అన్ని వంటలు నుండెను. వంట మిగిలినది, వంటపేరు మిగిలినది, ఇంటిపేరు మిగిలినది, మాట పోయినది. వంటయింట పుట్టిన భాషకు బడియు, పుస్తకమును తోడుగ నిలువనిచో, అది కొన్ని పదార్థముల పేర్లుగ మాత్రమే మిగులును. అరిసె అనగలిగి ‘అరిసె’ అని వ్రాయలేని బిడ్డ మన ఇండ్లలో నేడే యున్నాడు.

ఇందుకు మేము సూచించు పని చిన్నది, ఖర్చులేనిది. ప్రతి యింటను ఒక నోటుపుస్తకము పెట్టుడు. అవ్వ చెప్పు వంటలను, వాని కొలతలను, పండుగనాటి పద్ధతులను పిల్లలచేత తెలుగు లిపిలో వ్రాయింపుడు. వ్రాయలేనిచో ఆ పుస్తకముతోనే అక్షరములు దిద్దింపుడు. అవ్వకు మాట తోచును, బిడ్డకు వ్రాత వచ్చును. దీనితో బడి అవసరము తీరదు. తెలుగు తరగతికొరకు మన సంఘములు చేయు కృషి అట్లే సాగవలెను. కాని తరగతి తెరచిన దినమున అందు కూర్చుండుటకు బిడ్డలను ఇంటినుండియే సిద్ధపరుపవలెను.

పరదేశమునకు పోవు మనవారికిని ఒక మాట. ఆవకాయ జాడీని తప్పక తీసికొనిపొండు. కాని దినమున కొక్కపూటయైనను ఆ ఊరి బల్లకడ కూర్చుండి, పెట్టినదాని పేరేమి, ఆ పేరు ఎవరిది, ఆ పేరు తెచ్చినవారి బిడ్డలు నేడు ఏ భాష మాటలాడుచున్నారని అడుగుడు. ఆ ప్రత్యుత్తరము విన్నవారు ఇంటికి వచ్చిన పిమ్మట తమ బిడ్డల పలకను ఒకసారి తీసి చూడక మానరు.