నలుపు తెలుపులే ముద్దు

సంపాదకులకు,

‘మాయాబజార్’ తర్వాత ఏ పాత సినిమాకు రంగులద్దుతారోనని గత సంచికలో ఒక పాఠకుడు ఊహాగానాలు చేశారు. ఆ ఉత్సాహంతో నేను ఏకీభవించలేను. 1957 నాటి ఆ చిత్రంలో పడవ పాట చూడండి. నీళ్ల మీద తళతళలాడే వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల్లోనే సృష్టించినది. 2010లో రంగులద్దిన ప్రతిలో ఆ తళుకు నాకు కనిపించలేదు.

పాత సినిమాలకు కావలసింది రంగులు కాదు, పునరుద్ధరణ. అంటే గీతలు, మచ్చలు తుడిచి ఉన్న బొమ్మను ఉన్నట్టు నిలబెట్టడం. సత్యజిత్ రాయ్ ‘అపూ’ చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్ అగ్నిప్రమాదంలో కాలినా, దక్కినంత మేర బాగుచేసి, మిగతాచోట్ల వేరే ప్రతులు వాడి, 2015లో 4కెలో తెచ్చారు. బ్లూ-రే కూడా వచ్చింది. మన సినిమాలూ అలా నిలవాలంటే, నిర్మాతల వారసులు తమ దగ్గరున్న ఫిల్మ్ డబ్బాలను పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు వెంటనే అప్పగించాలని మనవి.

– ఒక పాఠకుడు, గుంటూరు