మన ఇంటి కుక్కే కదా!

ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళబ్బాయి సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరినుంచి ఒక కుక్కపిల్లని తెచ్చుకున్నాడట. దానికి పాలు పొయ్యాలా, అన్నం పెట్టాలా? ఒంటినిండా గోమార్లున్నాయి, ఏం రాయాలి? అది ఆడది కాబట్టి "ఒక్క ఈతైనా కానివ్వాలి, లేకపోతే జబ్బు చేస్తుంది" అని పక్కింటివాళ్ళు అంటున్నారు, నిజమేనా? ఇవీ ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర మాత్రం, "ఆడుకునేటప్పుడు మావాడి చేతిమీద పళ్ళు గీరుకుంటూ ఉంటాయి, పాలపళ్ళే కదా అని ఊరుకున్నాం" అని ఒక్క ముక్క చేర్చారు.

ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను. కాని ప్రశ్న కాదనుకుని ఆమె రాసిన ఆ చివరి ముక్కకే ముందు జవాబు చెప్పాలి.

నేను పశువైద్యుణ్ణి కాను, మనుషుల డాక్టరుని. అయితే మా ఆసుపత్రి ప్రహరీగోడకి అవతలే పశువుల ఆసుపత్రి. అక్కడి డాక్టరుగారు నాకు మంచి స్నేహితులు. "గోడకి ఇటుపక్క జనం నా దగ్గరికి సరిగ్గా వస్తే, అటుపక్క మీకు సగం పని తగ్గుతుందండీ" అంటారాయన. ఆ మాట ఎంత నిజమో నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలిసింది.

1990లలో సంగతి. కోస్తాలో ఒక చిన్న పట్టణం. మార్చినెలలో ఒకనాటి సాయంత్రం ఎనిమిదేళ్ళ కుర్రవాణ్ణి తల్లిదండ్రులు తీసుకొచ్చారు. రెండు రోజులుగా జ్వరం, గొంతునొప్పి, మంచినీళ్ళు మింగలేకపోతున్నాడు, టాన్సిల్స్ అనుకుంటున్నామండీ అన్నారు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. కుర్రవాడు బల్లమీద కూర్చోగానే "ఫ్యాను ఆపెయ్యండి" అన్నాడు. గాలి ముఖానికి తగిలినప్పుడల్లా గొంతు పట్టేస్తోంది. గ్లాసుతో నీళ్ళిచ్చాను. అందుకున్నాడు, కాని నోటిదాకా తీసుకెళ్ళలేకపోయాడు. నాకు ఒళ్ళు చల్లబడింది.

"ఈమధ్య కుక్క ఏమైనా కరిచిందా?" అని అడిగాను. తండ్రి తల అడ్డంగా ఊపాడు. తల్లి కాసేపాగి, "కరవలేదండీ. సంక్రాంతికి ఒక కుక్కపిల్లని తెచ్చుకున్నాడు. ఆటలో గీరుకుంది. అది తిండి మానేసి, రెండు మూడు రోజులు మంచంకింద చీకట్లో పడుకుని చచ్చిపోయిందండీ. మన ఇంటి కుక్కే కదా అనుకున్నాం" అంది.

అక్కణ్ణించి చేయగలిగింది ఏమీ లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు అప్పుడూ లేదు, ఇప్పటికీ లేదు. పెద్దాసుపత్రికి పంపించాం. మూడో రోజున పోయాడు. ఆ కుక్కపిల్లనే ఎత్తుకుని తిరిగిన చెల్లెలికి మాత్రం వెంటనే ఇంజక్షన్లు మొదలుపెట్టాం. అప్పటి పద్ధతి బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదులు. ఆ పిల్ల ఏడుపు మా వార్డంతా వినిపించేది. కాని దక్కింది.

ఆ కుటుంబాన్ని నేను తప్పు పట్టను. పిచ్చికుక్క అంటే నాలుక వేలాడేసుకుని, వీధివెంట పరుగెత్తుతూ కనబడినవాళ్ళనల్లా కరిచేది అని మనందరి మనసులో ఒక బొమ్మ ఉంది. అలాంటివీ ఉంటాయి. కాని మూగగా మూలకి చేరి, కింది దవడ వేలాడి, చొంగ కారుస్తూ, గొంతు మారిపోయి చచ్చేవీ ఉంటాయి. గొంతులో ఎముక అడ్డుపడిందేమో అని దాని నోట్లో చెయ్యిపెట్టి చూసినవాళ్ళని నేను ఎరుగుదును. ఈ జబ్బు క్రిమి కుక్క ఉమ్మిలో ఉంటుంది. పళ్ళు గీరుకున్న చోటనుంచీ, గోకుడుపుండు మీద నాకినా, మన శరీరంలోకి పోయి, నరాలవెంట మెల్లగా మెదడుకి పాకుతుంది. సాధారణంగా ఒకటినుంచి మూడు నెలలు పడుతుంది. కొందరికి వారం పది రోజులే, అరుదుగా ఏడాది దాటినా రావచ్చు. ఈ ఆలస్యమే మనకి దేవుడిచ్చిన గడువు. టీకా ఆ గడువులోనే పనిచేయాలి.

ఇక సంక్రాంతి కుక్కపిల్లల సంగతి. "చిత్తకార్తె కుక్కలు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. అక్టోబరులో వచ్చే ఆ కార్తెలో ఊరకుక్కలు చాలావరకు ఎదకు వస్తాయి. కుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. లెక్కవేసుకోండి, డిసెంబరు రెండో సగంలో ఈతలు. పండగనాటికి కళ్ళు తెరిచి తప్పటడుగులు వేసే పిల్లలు వీధి వీధినా ఉంటాయి, సెలవులకొచ్చిన మన పిల్లలూ వీధిలోనే ఉంటారు! నెల కూడా నిండని పిల్లని తల్లినుంచి విడదీసి తెస్తారు. కుక్కకి రేబిస్ టీకా మామూలుగా వేసేది మూడు నెలలకి. అంటే ఆ మూడు నెలలూ ఇంట్లో అందరూ ముద్దు చేసే ఆ పిల్లకి ఏ రక్షణా లేదు. దాని తల్లికి టీకా వేయించినవాళ్ళెవరూ ఉండరు. తేకముందు దాన్ని ఏ కుక్క కరిచిందో ఎవరికీ తెలియదు.

అంచేత ఆ సోదరికి నా మొదటి సలహా: ఈ పత్రిక పక్కన పెట్టి, అబ్బాయిని తీసుకుని ఇవాళే ఆసుపత్రికి వెళ్ళండి. గీరుకుని ఎన్నాళ్ళయిందీ అని లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. ఆలస్యమైనా సరే, టీకా మొదలుపెట్టవలసిందే.

కుక్కకాటుకి చెప్పుదెబ్బ అని సామెత. వైద్యంలో మాత్రం కుక్కకాటుకి మొదటి దెబ్బ సబ్బు. గాయమైన వెంటనే కుళాయికింద పెట్టి, ధారగా పడే నీళ్ళతో, సబ్బు రాస్తూ 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి. మనం పదిహేను అనుకున్నది మూడు నిమిషాలు కూడా ఉండదు. తరవాత పోవిడోన్ అయొడిన్ ఉంటే రాయండి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, ఆకుపసరు ఏవీ పెట్టవద్దు. కట్టు కట్టవద్దు. కుట్లు వెయ్యమని డాక్టరుని తొందరపెట్టవద్దు.

ఇప్పుడు బొడ్డుచుట్టూ సూదులు లేవు. గొర్రె మెదడుతో తయారయ్యే ఆ పాత టీకాని మన దేశంలో 2005 నాటికి మానేశారు. ఇప్పటిది భుజాల దగ్గర చర్మంలో వేస్తారు. మొదలుపెట్టిన రోజు, తరవాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. కండలో వేసే పద్ధతిలోనైతే 14వ రోజున ఇంకొకటి ఉంటుంది. నెత్తురు వచ్చిన గాయమైతే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందుని గాయంలోనూ, దాని చుట్టూ వెయ్యాలి. అది కావాలా అని మీరే అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. ఒకచోట స్టాకు లేదంటే ఇంకోచోటికి ఆ రోజే వెళ్ళండి, రేపు చూద్దామని ఇంటికి మళ్ళకండి. ఇది సర్కారు ఉద్యోగిగా నేనే చెబుతున్నాను! పథ్యం ఏమీ లేదు, గుడ్డు, మాంసం తినవచ్చు. గర్భిణులూ, చంటిపిల్లలూ నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు. కుక్కని పది రోజులు గమనించాలన్న మాట నిజమే, కాని గమనిస్తూ టీకా వేయించుకోవాలి, గమనించాక కాదు. పది రోజుల తరవాత కూడా కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా సూదులు అవసరమా కాదా అన్నది డాక్టరు నిర్ణయిస్తాడు.

ఇప్పుడు కుక్కపిల్ల దగ్గరికి వద్దాం. గోడ అవతలి స్నేహితుణ్ణి అడిగి రాస్తున్నవి ఇవి.

ఆవుపాలు కొన్ని పిల్లలకి పడవు, విరేచనాలవుతాయి. నాలుగు వారాలు దాటిన పిల్లకి మెత్తగా పిసికిన అన్నంలో ఉడికిన గుడ్డు, ఎముక లేని కోడిమాంసం, కాస్త పెరుగు కలిపి పెట్టండి. ఒట్టి పెరుగన్నంతో కడుపు నిండుతుంది గాని ఒళ్ళు రాదు. మూడు నెలలదాకా రోజుకి నాలుగుసార్లు, ఆరు నెలలదాకా మూడుసార్లు, తరవాత రెండుసార్లు చాలు. మనం తినగా మిగిలిన సాంబారన్నం, పులుసు కూడదు. అందులో ఉప్పూకారం సరేసరి, ఉల్లిపాయ కుక్క నెత్తురుని పాడుచేస్తుంది. వెల్లుల్లీ అంతే. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అంచేత పండగ పాయసం మీరే తాగండి. చాక్లెట్ విషం. ఉడికించిన కోడి ఎముకలు పేళ్ళుపేళ్ళుగా విరిగి పేగులో గుచ్చుకుంటాయి.

గోమార్లకి (కొన్నిచోట్ల పిడుదులంటారు) పొలానికి కొట్టే పురుగుమందు నీళ్ళలో కలిపి రాసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, పిల్లవాడు కుక్కని కౌగిలించుకుంటాడు. గోడకి అటొకరు, ఇటొకరు చేరవలసి వస్తుంది. కుక్క వయసునీ, బరువునీ బట్టి పశువైద్యుడు ఇచ్చిన మందే వాడండి. పట్టకారుతో తీసిన గోమారిని వేళ్ళతో నలపవద్దు, సబ్బునీళ్ళలో వెయ్యండి. అవి గుడ్లు పెట్టేది కుక్క ఒంటిమీద కాదు, గోడ బీటల్లో, గోనెపట్టాల కింద. అక్కడ శుభ్రం చెయ్యకపోతే ఎన్ని మందులు రాసినా మళ్ళీ ఎక్కుతాయి. గోమార్లున్న కుక్కకి జ్వరం వచ్చి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కునుంచి నెత్తురు కారితే ఆగవద్దు.

నులిపురుగుల మందు చాలామంది మరచిపోతారు. పిల్ల పుట్టిన రెండో వారంనుంచి పన్నెండు వారాలదాకా పదిహేను రోజులకొకసారి, ఆరు నెలలదాకా నెలకొకసారి, ఆపైన మూడు నెలలకొకసారి పట్టించాలి. ఇది కుక్క కోసమే కాదు. దాని మలంలోని ఏలికపాముల గుడ్లు మట్టిలో కలిసి, మట్టిలో ఆడి చేతులు కడుక్కోని పిల్లల కడుపులోకి పోతాయి. వాటి పిల్లపురుగులు ఒక్కొక్కప్పుడు కంటిదాకా చేరి చూపు పోగొడతాయి.

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్‌లకి మొదటి టీకా వేయించాలి. పదహారు వారాలదాకా మూడు నాలుగు వారాలకొకసారి మళ్ళీ వేస్తారు. పిల్లకి వాంతులూ, నెత్తురు విరేచనాలూ మొదలైతే పార్వో కావచ్చు, అది గంటల్లో లెక్క. మన ఇంట్లో ఉన్న జ్వరం బిళ్ళలూ, నొప్పుల బిళ్ళలూ కుక్కకి సగం చేసి వెయ్యకండి, చంపెయ్యగలవు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, నెలకి ఇంకొకటి, తరవాత ఏటేటా. జూలై 6న, అంటే 1885లో పాశ్చర్ మొట్టమొదట ఒక పిల్లవాడికి ఈ టీకా వేసిన రోజున, మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా వేస్తుంటారు. కుక్కకి జూలై 6న పుట్టినరోజు చేసేస్తే ఇక మరచిపోరు.

ఇక పక్కింటివారి మాట. ఒక్క ఈతైనా కాకపోతే కుక్కకి జబ్బు చేస్తుందన్నది శుద్ధ అబద్ధం. జరిగేది దానికి తారుమారు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకి వయసు మీరాక, ఎద అయిన కొన్ని వారాలకి పిల్లసంచిలో చీము పట్టడం సాధారణం. కుక్క తిండి మాని, నీళ్ళు తెగ తాగుతూ, వాంతులు చేసుకుంటూ, కడుపు ఉబ్బితే, లేదా వెనకనుంచి చీములాంటిది కారితే, ఆ రాత్రికి ఆగినా ప్రమాదమే. మొదటి ఒకటి రెండు ఎదలలోపే ఆపరేషన్ చేయిస్తే ఈ బాధ ఉండదు, రొమ్ముగడ్డలూ బాగా తగ్గుతాయి.

జాతికుక్కని కొని, పిల్లల్ని అమ్మితే పెట్టిన డబ్బు వస్తుందని లెక్కలు వేసేవారికి రెండు మాటలు. 2017లో వచ్చిన కేంద్రప్రభుత్వ నిబంధనల ప్రకారం పిల్లల్ని అమ్ముకునేవాళ్ళు రిజిస్ట్రేషను చేయించుకోవాలి. 18 నెలలు నిండని ఆడకుక్కని దాటించకూడదు, ఏడాదికి ఒక ఈత మించకూడదు, జన్మలో అయిదు మించకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఒకే ఈతలో పుట్టినవాటిని దాటించి "ప్యూర్" అని అమ్మేవాళ్ళని చూశాను. లాబ్రడార్, అల్సేషియన్ కుక్కల్లో తుంటికీలు లోపం తల్లిదండ్రులనుంచి పిల్లలకి వస్తుంది, ముందు ఎక్సరే తీయించకుండా దాటించడం పాపం. సెయింట్ బెర్నార్డ్‌ని తెచ్చి మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో డాబామీద కట్టేసేవారిని ఏమనాలో నాకు తెలియదు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దాని ఫ్యాను. మూతి చప్పగా ఉండే పగ్ జాతికి ఆ ఫ్యాను కూడా సరిగా తిరగదు.

ఆ సోదరి ఇంట్లో పిల్ల నాటుది. మన ఎండకీ, వానకీ అలవాటైన జాతి. ఆమె చెయ్యవలసిందల్లా ఆరో నెల వస్తుండగా ఒకసారి పశువైద్యుణ్ణి కలిసి ఆపరేషనుకి రోజు అడగడం. ముందురోజు రాత్రినుంచి తిండి పెట్టవద్దంటారు. ఇంటికి తెచ్చాక కుట్లు నాక్కోకుండా మెడకి గరాటాలాంటి పట్టీ కడతారు, జాలిపడి విప్పెయ్యకండి. పది రోజులు స్నానం వద్దు, మేడమెట్లు ఎక్కనివ్వవద్దు.