ఫెరిటిన్ ఒక్కటే చాలదు

తలసేమియా మేజర్ ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. ఒక్కో బ్యాగుతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరుతుంది. తిండి నుంచి మనం రోజూ గ్రహించేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అంతకు మించి వచ్చినదాన్ని బయటకు పంపే దారి శరీరానికి లేదు. మూడు వారాలకో బ్యాగు చొప్పున చూసినా ఏడాదికి దాదాపు నాలుగు గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి ఒంట్లో మొత్తం ఇనుమే మూడు నాలుగు గ్రాములు! ఇలా మిగిలిన ఇనుము ముందు కాలేయంలో, ఆపైన గుండెలో, హార్మోన్ల గ్రంథుల్లో పేరుకుంటుంది. ఇనుమును తొలగించే మందులు మనకు ఉన్నాయి. నోటితో మింగే డెఫెరిప్రోన్‌కు 1990ల మధ్యలో ప్రపంచంలో మొదట అనుమతి ఇచ్చింది మన దేశమే. కానీ ఆ మందుల మోతాదు తేల్చాలంటే ఎంత ఇనుము నిల్వ ఉందో తెలియాలి. రక్తం, మందులు ఇచ్చినట్టే ఏడాదికోసారి ఆ నిల్వను కొలిచే కాలేయ ఎంఆర్‌ఐ కూడా ఈ రోగులకు ఉచితంగా చేయాలన్నది నా వాదన.

ఇప్పుడు చాలాచోట్ల ఆధారం ఇనుమును నిల్వచేసే ఫెరిటిన్ అనే ప్రోటీన్‌ను రక్తంలో కొలిచే పరీక్షే. అది చౌక, ఎక్కడైనా చేస్తారు, మూడు నెలలకోసారి చూస్తే పెరుగుతోందా తగ్గుతోందా అన్నది కొంత తెలుస్తుంది. ఆ మేరకు దాన్ని కాదనను. అయితే ఫెరిటిన్ ఇనుముకు మాత్రమే స్పందించదు. జ్వరం వచ్చినా, కాలేయం వాచినా, హెపటైటిస్ సోకినా పెరుగుతుంది. విటమిన్ సి లోపిస్తే ఉండాల్సినదానికన్నా తక్కువ చూపుతుంది. ఇద్దరు పిల్లలకు ఫెరిటిన్ 2,000 వచ్చిందనుకోండి. ఒకరి కాలేయంలో గ్రాము పొడి కణజాలానికి 5 మిల్లీగ్రాముల ఇనుమే ఉండొచ్చు, మరొకరిలో 15 దాటి ఉండొచ్చు. 15 దాటడమంటే గుండెకు ముప్పు దగ్గరపడటం. ఇద్దరికీ ఒకే మోతాదు రాస్తే రెండోవారికి చాలదు. ఇనుము తగ్గినవారికి మోతాదు ఎక్కువైనా వినికిడి, చూపు, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదముంది. ఆదిలాబాద్ నుంచి పాడేరు దాకా గిరిజన ప్రాంతాల్లో కనిపించే, రక్తం ఎక్కించాల్సి వచ్చే సికిల్ సెల్ రోగుల్లో చిక్కు ఇంకా ఎక్కువ. నొప్పుల దాడి వచ్చినప్పుడల్లా ఫెరిటిన్ ఎగబాకుతుంది.

ఒకప్పుడు ఖచ్చితమైన లెక్కకు సూదితో కాలేయం ముక్క తీసేవారు (బయాప్సీ). రక్తస్రావం భయం ఒకటైతే, ఆ చిన్న ముక్క మొత్తం కాలేయానికి సరైన నమూనా కాకపోవడం మరొకటి. ఎంఆర్‌ఐకి ఆ బాధ లేదు. పేరుకున్న ఇనుము చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని చెదరగొట్టడంతో నీటి అణువుల నుంచి వచ్చే సంకేతం త్వరగా ఆరిపోతుంది. ఎంత త్వరగా ఆరితే ఇనుము అంత ఎక్కువ. 2005లో వచ్చిన అధ్యయనాలు ఈ వేగాన్ని బయాప్సీ ఫలితాలతో సరిపోల్చి, స్కాన్ నుంచే మిల్లీగ్రాముల లెక్క చెప్పొచ్చని చూపాయి. సూది గుచ్చక్కర్లేదు, కాంట్రాస్టు మందు అక్కర్లేదు. కొద్దిసేపు ఊపిరి బిగబట్టి పడుకుంటే చాలు.

ఖర్చు మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చిత్రాలను ఆస్ట్రేలియా పంపి విశ్లేషింపజేసే ఫెర్రిస్కాన్ పద్ధతి ఖరీదైనదే. కానీ అదొక్కటే మార్గం కాదు. సంకేతం ఆరిపోయే సమయాన్ని చెప్పే టి2 స్టార్ కొలతను మామూలు 1.5 టెస్లా ఎంఆర్‌ఐ యంత్రంపైనే తీయొచ్చు. కావలసింది అందుకు తగిన ప్రోగ్రాం, దాన్ని సరిచూసుకునే క్రమశిక్షణ, లెక్క చదవగల రేడియాలజిస్టు. మరీ చిన్నపిల్లలు కదలకుండా పడుకోలేరన్నది నిజం. మత్తు లేకుండా చేయగలిగే ఎనిమిది, పదేళ్ల వయసు నుంచి మొదలుపెట్టవచ్చు. ప్రాణం తీసేది గుండె కదా, కాలేయం చూసి ఏం లాభమన్నది మరో అభ్యంతరం. కాలేయంలో ఇనుము తగ్గినా గుండెలో మిగిలిపోవడం వాస్తవమే. అందుకే అదే స్కాన్‌లో గుండె టి2 స్టార్ కూడా తీయాలి. 20 మిల్లీసెకన్లకు తగ్గితే గుండెలో ఇనుము చేరినట్టు, 10కి తగ్గితే గుండె వైఫల్యం ముప్పు తీవ్రంగా ఉన్నట్టు. ఈ కొలత వాడుకలోకి వచ్చాక బ్రిటన్‌లో తలసేమియా రోగుల్లో గుండె ఇనుము వల్ల మరణాలు బాగా తగ్గాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తలసేమియాను, సికిల్ సెల్‌ను వైకల్యాలుగా గుర్తించింది. ఆ గుర్తింపుకు తగ్గట్టు రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు తమ బోధనాసుపత్రుల్లో ఒక్కో ఎంఆర్‌ఐ యంత్రాన్ని ఈ కొలతకు సిద్ధం చేసి, వారంలో ఒక పూట ఈ రోగులకే కేటాయించాలి. తల్లిదండ్రులు కూడా వచ్చే విజిట్‌లో డాక్టరును నేరుగా అడగండి: మా బిడ్డ కాలేయంలో ఇనుము ఎన్ని మిల్లీగ్రాములుంది, చివరిసారి ఎప్పుడు కొలిచారు?