పని నేర్పితేనే పనివారు.. అప్రెంటిస్‌ చట్టంపై యజమానులకు అవగాహనే కీలకం

మైలవరం: పని తెలిసిన కుర్రవాడు దొరకడం లేదన్నది యజమాని మాట. అనుభవం లేదంటూ తిప్పి పంపుతున్నారన్నది ఐటీఐ, డిప్లొమా పూర్తిచేసిన యువకుడి మాట. ఒకే ఊళ్లో, ఒకే వీధిలో వినిపించే ఈ రెండు ఫిర్యాదులకూ మూలం ఒక్కటే. పని నేర్పే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం లేకపోవడమే ఆ మూలం. నిజానికి ఆ సమాధానం 1961లోనే చట్ట రూపంలో వచ్చింది. అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం నేర్పవలసిన బాధ్యత యజమానిది, నేర్చుకునే బాధ్యత అభ్యర్థిది, ఖర్చులో చేయి కలిపే బాధ్యత ప్రభుత్వానిది. ఈ మూడు బాధ్యతలూ ఒకచోట కలిసినప్పుడే చట్టం కాగితం దాటి కార్ఖానాలోకి వస్తుంది.

కృష్ణా జిల్లా నుంచి 2022 ఏప్రిల్‌ 4న ఏర్పడిన ఎన్టీఆర్‌ జిల్లాలో మైలవరం ప్రాంతానికి ఈ విషయంలో అనుకూలతలు తక్కువేమీ కాదు. 1998లో ప్రారంభమైన లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజినీరింగ్‌ కళాశాల పట్టణంలోనే ఉంది. జాతీయ రహదారి మీదుగా దిగువకు వస్తే ఇబ్రహీంపట్నంలో డాక్టర్‌ నార్ల తాతారావు థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం, ఆ పక్కనే కొండపల్లి పారిశ్రామికవాడ ఉన్నాయి. ఇంకాస్త ముందుకు వెళితే విజయవాడ ఆటోనగర్‌. చదువుకున్న వారు ఒకవైపు, పని ఉన్న చోటు మరోవైపు గంట ప్రయాణ దూరంలోనే ఉన్నా వారి మధ్య వంతెన మాత్రం బలంగా పడలేదు.

శిష్యరికం కొత్తదేమీ కాదు

గురువు దగ్గర కూర్చుని పని నేర్చుకోవడం ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. తెల్లపొణికి కర్రను చెక్కి, అతికి, రంగులద్దే కొండపల్లి బొమ్మల విద్య తరతరాలుగా అలాగే చేతులు మారుతూ వచ్చింది. ఆటోనగర్‌ షెడ్లలోనూ అంతే. హెల్పర్‌గా చేరిన కుర్రవాడు పానాలు అందించడంతో మొదలుపెట్టి, ఏళ్లు గడిచాక మేస్త్రీగా ఎదుగుతాడు. ఈ పద్ధతిలో నైపుణ్యం అబ్బుతుందనడంలో సందేహం లేదు. అయితే ఎంతకాలం నేర్పాలి, ఎంత చెల్లించాలి, చేయి నలిగితే ఎవరు చూడాలి అన్నవాటికి రాతకోతలు ఉండవు. పదేళ్ల అనుభవం ఉన్నా చేతిలో ధ్రువపత్రం లేని మెకానిక్‌కు పెద్ద పరిశ్రమ గేటు తెరుచుకోదు. చట్టబద్ధమైన అప్రెంటిస్‌షిప్‌కూ పాత శిష్యరికానికీ ఉన్న తేడా ఇదే. నేర్పే తీరు ఒకటే అయినా ఇక్కడ ఒప్పందం, గడువు, భృతి, పరీక్ష, సర్టిఫికెట్‌ అన్నీ ఉంటాయి.

ఎవరు తీసుకోవాలి?

1961 చట్టానికి 2014లో కీలక సవరణలు జరిగాయి. యజమానులను భయపెట్టిన జైలు శిక్ష నిబంధన తొలగిపోయి, ఉల్లంఘనలకు జరిమానాలు మాత్రమే మిగిలాయి. అనంతరం 2019 సెప్టెంబరులో నిబంధనలను మరోసారి మార్చారు. వాటి ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్న సంస్థలకు ఇది ఐచ్ఛికం. సిబ్బంది సంఖ్యలో కాంట్రాక్టు కార్మికులను కూడా కలిపే లెక్కిస్తారు. మొత్తం సిబ్బందిలో 2.5 శాతానికి తగ్గకుండా, 15 శాతానికి మించకుండా అప్రెంటిస్‌లు ఉండాలి.

ఉదాహరణకు, కాంట్రాక్టు వారితో కలిపి 40 మంది పనిచేసే ఒక ఫ్యాబ్రికేషన్‌ యూనిట్‌ కనీసం ఒకరిని తీసుకోవాలి, గరిష్ఠంగా ఆరుగురిని తీసుకోవచ్చు. కంపెనీ రికార్డుల్లో 20 మందే ఉన్నారు కదా అని ఊరుకుంటే, కాంట్రాక్టరు పంపిన మరో 20 మంది లెక్కలోకి వచ్చి ఆ సంస్థ తప్పనిసరి జాబితాలో చేరుతుంది. చాలామంది యజమానులు పొరపడే అవకాశం ఉన్నది ఇక్కడే.

నలుగురికంటే తక్కువ మందితో నడిచే లేత్‌ షాపులు, మోటారు వైండింగ్‌ దుకాణాలు మాత్రం ఈ చట్రంలోకి రావు. మండల కేంద్రాల్లో పని నేర్పే చోట్లలో ఇలాంటివే అధికం కావడం ఈ విధానంలోని పెద్ద వెలితి.

భృతి ఎంత? ప్రభుత్వ వాటా ఎంత?

యజమాని మొదట అడిగేది ఖర్చు గురించే. 2019 నిబంధనలు చదువును బట్టి కనీస నెలసరి భృతిని నిర్ణయించాయి. ఐదు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివిన వారికి రూ.5 వేలు, పదో తరగతి వారికి రూ.6 వేలు, ఇంటర్మీడియట్‌ వారికి రూ.7 వేలు, ఐటీఐ వంటి జాతీయ, రాష్ట్ర సర్టిఫికెట్‌ ఉన్నవారికి రూ.7,700, డిప్లొమా వారికి రూ.8 వేలు, పట్టభద్రులకు రూ.9 వేలు. రెండో ఏడాది 10 శాతం, మూడో ఏడాది 15 శాతం పెంచాలి. ఇవి కనీస మొత్తాలే. ఎక్కువ ఇవ్వడానికి అడ్డంకి లేదు. ఈ మొత్తాలను 36 శాతం మేర పెంచి రూ.6,800 నుంచి రూ.12,300 మధ్య ఉండేలా చూడాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్‌ మండలి సిఫారసు చేసింది. అందువల్ల ఒప్పందం రాసుకునే రోజున అమల్లో ఉన్న మొత్తాన్ని పోర్టల్‌లో సరిచూసుకోవడం శ్రేయస్కరం.

ఇందులో ప్రభుత్వ సాయం రెండు దారుల్లో వస్తుంది. మొదటిది 2016 ఆగస్టులో ప్రారంభమైన జాతీయ అప్రెంటిస్‌షిప్‌ ప్రోత్సాహక పథకం. దీని కింద కేంద్రం భృతిలో 25 శాతాన్ని, గరిష్ఠంగా నెలకు రూ.1,500 చొప్పున భరించేలా ఏర్పాటు చేశారు. 2023 నుంచి ఈ వాటాను యజమానికి కాకుండా నేరుగా అప్రెంటిస్‌ బ్యాంకు ఖాతాలో జమచేసే పద్ధతి తెచ్చారు. ఈ పథకం రెండో దశకు 2025-26 వరకు ఆమోదం లభించింది. రెండోది కేంద్ర విద్యాశాఖ పరిధిలోని జాతీయ అప్రెంటిస్‌షిప్‌ శిక్షణ పథకం. డిప్లొమా, డిగ్రీ, ఇంజినీరింగ్‌ పూర్తిచేసిన వారికి ఇది వర్తిస్తుంది. ఇందులో కనీస భృతిలో సగాన్ని కేంద్రం భరిస్తుంది. మన రాష్ట్రానికి సంబంధించిన వ్యవహారాలను చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్‌ శిక్షణ బోర్డు చూస్తుంది.

లెక్క వేసి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. 2019 నాటి మొత్తాల ప్రకారం ఐటీఐ ఫిట్టర్‌కు ఇవ్వవలసిన రూ.7,700లో ప్రభుత్వ వాటా రూ.1,500 పోగా యజమానిపై పడేది రూ.6,200. డిప్లొమా అభ్యర్థి విషయంలో రూ.8 వేలలో సగం పోగా రూ.4 వేలు, ఇంజినీరింగ్‌ పట్టభద్రుడి విషయంలో రూ.9 వేలలో సగం పోగా రూ.4,500 మాత్రమే యజమాని భారం. పీఎఫ్‌, ఈఎస్‌ఐ చందాల బాధ్యత కూడా అప్రెంటిస్‌ల విషయంలో ఉండదు.

చౌక కూలీ కాదు

ఇంత తక్కువ ఖర్చుతో మనిషి దొరుకుతున్నప్పుడు పని చేయించుకుంటే సరిపోతుందన్న ఆలోచన కొందరికి కలగవచ్చు. అసలు ప్రమాదం పొంచి ఉన్నది అక్కడే. చట్టం దృష్టిలో అప్రెంటిస్‌ కార్మికుడు కాదు, శిక్షణార్థి. సాధారణ కార్మిక చట్టాల హక్కులు అతడికి పూర్తిగా వర్తించవు. అందుకే చట్టం ప్రత్యేకంగా కొన్ని రక్షణలు కల్పించింది. అతడికి ముక్కల లెక్కన కూలి కట్టకూడదు. ఉత్పత్తి బోనస్‌ ఆశ చూపి పని వేగం పెంచకూడదు. అప్రెంటిస్‌షిప్‌ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. సంస్థలో అమలయ్యే సెలవులు అతడికీ వర్తిస్తాయి. ఆరోగ్యం, భద్రతలకు సంబంధించిన ఫ్యాక్టరీ నియమాలు అతడికీ పాటించాలి. శిక్షణలో గాయపడితే పరిహారం చెల్లించవలసింది యజమానే.

వయసు విషయంలోనూ జాగ్రత్త అవసరం. కనీస వయసు 14 ఏళ్లే అయినా, ప్రమాదకర పరిశ్రమలకు చెందిన ట్రేడుల్లో 18 ఏళ్లు నిండినవారినే తీసుకోవాలి. 18 ఏళ్లలోపు వారి తరఫున తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఒప్పందంపై సంతకం చేయాలి.

చేర్చుకోవడం ఎలా?

ముందుగా సంస్థ కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్‌ పోర్టల్‌లో నమోదు కావాలి. సిబ్బంది సంఖ్య, నేర్పగల ట్రేడులు, ఖాళీలు అందులో చూపాలి. అభ్యర్థిని ఎంచుకున్న తర్వాత ఒప్పందం కుదుర్చుకుని, ఆ వివరాలను ఏడు రోజుల్లోగా పోర్టల్‌లో పొందుపరచాలి. సలహాదారు పరిశీలించి నమోదు చేస్తారు. నమోదు కాని ఒప్పందానికి ప్రభుత్వ వాటా రాదు, అభ్యర్థికి సర్టిఫికెట్‌ కూడా రాదు. సాధారణంగా రాష్ట్రంలోని ప్రైవేటు పరిశ్రమలకు రాష్ట్ర సలహాదారు, నాలుగు అంతకు మించిన రాష్ట్రాల్లో కార్యకలాపాలున్న సంస్థలకు కేంద్ర సలహాదారు బాధ్యత వహిస్తారు. నెల భృతిని తరువాతి నెల 10వ తేదీలోగా బ్యాంకు ఖాతా ద్వారా చెల్లించడం మరువరాదు.

ట్రేడు ఎంపికలో రెండు మార్గాలున్నాయి. ప్రభుత్వం సిలబస్‌ నిర్ణయించిన ట్రేడులు మొదటివి. ఫిట్టర్‌, ఎలక్ట్రీషియన్‌, వెల్డర్‌, డీజిల్‌ మెకానిక్‌ వంటివి ఈ కోవలోకి వస్తాయి. ఐటీఐ చదివి వచ్చినవారు ప్రాథమిక శిక్షణ దశను దాటినట్లే కనుక నేరుగా షాపులోకి దిగవచ్చు. పాఠశాల చదువుతో వచ్చినవారికి మాత్రం తగిన సౌకర్యాలున్న సంస్థలో ముందుగా ప్రాథమిక శిక్షణ ఇప్పించాలి. రెండోది 2014 సవరణతో వచ్చిన ఐచ్ఛిక ట్రేడులు. సంస్థ తన అవసరానికి తగిన పాఠ్యక్రమాన్ని తానే రూపొందించుకునే వెసులుబాటు ఇందులో ఉంది. శీతల గిడ్డంగి నిర్వహణ, పండ్ల గ్రేడింగు, ప్యాకింగు వంటి పనులున్న మామిడి ప్రాంతానికి ఇది ఉపయోగపడగలదు.

కలిసి నేర్పితే కలదు లాభం

చిన్న యూనిట్లలో అన్ని యంత్రాలూ ఉండవు. ఒకచోట వెల్డింగు, మరోచోట లేత్‌, ఇంకోచోట ప్యానెల్‌ బోర్డుల పని ఉంటుంది. ఒక్క యూనిట్‌ తానుగా పూర్తి శిక్షణ ఇవ్వలేకపోవచ్చు. దీనికీ చట్టంలో దారి ఉంది. కొందరు యజమానులు ఒక్కటై, అప్రెంటిస్‌లను తమ సంస్థల మధ్య మారుస్తూ ఉమ్మడిగా ఆచరణాత్మక శిక్షణ ఇవ్వవచ్చు. కొండపల్లి పారిశ్రామికవాడలోనో, ఆటోనగర్‌లోనో యజమానుల సంఘాలు పూనుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు. పత్రాల పని, పోర్టల్‌ నమోదు వంటివి సంఘం చూసుకుంటే షెడ్డు యజమాని నేర్పడం మీదే దృష్టి పెట్టగలడు.

శిక్షణ నాణ్యత మొత్తం నేర్పే మనిషిపైనే ఆధారపడి ఉంటుంది. శిక్షణ బాధ్యతను తగిన అర్హత ఉన్న వ్యక్తికి అప్పగించాలని చట్టం స్పష్టంగా చెబుతోంది. తన పని తాను చూసుకునే మేస్త్రీకే నేర్పే పనినీ అంటగడితే రెండూ చెడతాయి. నేర్పినందుకు అతడికి కొంత అదనపు ప్రతిఫలం, కొంత సమయం కేటాయించడం వివేకవంతుడైన యజమాని చేయవలసిన పని.

తర్వాత ఏమిటి?

శిక్షణ ముగిసిన తర్వాత ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం యజమానిపై లేదు. అయితే శిక్షణ పూర్తిచేసినవారిని నియమించుకోవడంపై ప్రతి సంస్థా తనదైన విధానాన్ని రూపొందించుకోవాలని చట్టం కోరుతోంది. ఈ విధానం కాగితంపై లేనిచోట అభ్యర్థి ఏడాదంతా ఆశతో గడిపి చివరిరోజున నిరాశతో వెనుదిరుగుతాడు. చేరేముందే ఆ విషయాన్ని తేల్చి చెప్పడం ఇరువురికీ మేలు.

ఉద్యోగం రాకపోయినా సర్టిఫికెట్‌ వృథా కాదు. రైల్వేలో లెవెల్‌-1 పోస్టుల్లో 20 శాతాన్ని రైల్వే సంస్థల్లో శిక్షణ పొందిన అప్రెంటిస్‌లకు కేటాయిస్తున్నారు. ఇతర అర్హతలు సమానంగా ఉన్నప్పుడు శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని ఉత్తరప్రదేశ్‌ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే పేర్కొంది. మన ఆర్టీసీ కూడా విజయవాడ విద్యాధరపురంలోని జోనల్‌ సిబ్బంది శిక్షణ కళాశాల ద్వారా ఐటీఐ అభ్యర్థులను అప్రెంటిస్‌లుగా ఎంపిక చేస్తూ వస్తోంది. ప్రభుత్వ రంగ సంస్థల్లో స్థిరపడిన ఈ సంప్రదాయం ప్రైవేటు యూనిట్లకూ పాకాలి.

యజమాని కోణంలోనూ ఇది దానధర్మం కాదు. తన యంత్రంపై, తన పద్ధతిలో నేర్చుకున్న కుర్రవాడు బయటినుంచి వచ్చినవాడికంటే త్వరగా అక్కరకొస్తాడు. ఏడాదిపాటు దగ్గరగా చూసిన మనిషి పనితనం, నడవడి గురించి వేరే విచారణ అక్కరలేదు. నేర్పకుండా పనివారు కావాలనుకోవడం విత్తకుండా పంట కోరుకోవడమే. వచ్చే విద్యా సంవత్సరం ఐటీఐ, పాలిటెక్నిక్‌ ఫలితాలు వెలువడేలోగా పరిశ్రమల సంఘాలు, కళాశాలల ప్లేస్‌మెంట్‌ విభాగాలు, అధికార యంత్రాంగం ఒకచోట కూర్చుని ఖాళీల జాబితా సిద్ధం చేసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది. అప్పుడే యజమాని మాటకూ, యువకుడి మాటకూ ఒకే జవాబు దొరుకుతుంది.