కాలిబ్రేషన్ ఎవరి సొత్తు?

"కొత్త మెషీన్ కూడా అదే కంపెనీది, అదే మోడల్. పాత కాలిబ్రేషన్ ఫైలు కాపీ చేసేస్తే పోలా?" ల్యాబుల సాఫ్టువేరు చూసే నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఫైలు నిమిషంలో కాపీ అవుతుంది. జవాబులే ఒప్పుగా రావు.

సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. గోధుమల్లో ప్రొటీన్ ఎంతో తేల్చాలంటే, 1883 నాటి కెల్‌డాల్ పద్ధతిలో ఆ పిండిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించాలి. నియర్ ఇన్‌ఫ్రారెడ్ మెషీన్‌కి ఆ గొడవ లేదు. గింజల మీద కంటికి కనబడని కాంతి వేసి, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత పీల్చుకున్నాయో చూసి అంకె చెప్పేస్తుంది. అమెరికా వ్యవసాయశాఖ బెల్ట్స్‌విల్ కేంద్రంలో 1960లలో కార్ల్ నోరిస్ దీనికి దారి వేశాడు. అయితే ప్రొటీన్ అంటే ఏమిటో మెషీన్‌కి తెలీదు కదా! బోలెడన్ని శాంపిళ్ళని ల్యాబులో పరీక్షించి, ఆ అంకెలతో మనమే నేర్పాలి. ఆ పాఠమే కాలిబ్రేషన్.

చిక్కల్లా ఏమిటంటే, పాఠంతో పాటు ఆ మెషీన్ అవలక్షణాలు కూడా అందులో కలిసిపోతాయి. నీటి జాడ 1450, 1940 నానోమీటర్ల దగ్గర గట్టిగా కనిపిస్తుంది. కొత్త మెషీన్ దాన్ని ఒక్క నానోమీటరు పక్కకి చూపించినా, మోడల్ మాత్రం గింజే మారిందనుకుంటుంది. నమ్మకం లేకపోతే 80 మొక్కజొన్న శాంపిళ్ళని మూడు మెషీన్ల మీద కొలిచిన డేటా అందరికీ అందుబాటులో ఉంది, చూడండి. ఒకదాని మీద కట్టిన తేమ మోడల్‌ని వేరేదాని మీద నేరుగా వేస్తే లెక్క గాడి తప్పుతుంది.

దీనికి మందు లేకపోలేదు. చివరి అంకెకి కొంత కలిపో తీసేసో సరిపెట్టడం చవక వైద్యం. తేడా అన్ని శాంపిళ్ళకీ ఒకే తీరులో ఉంటే అది చాలు. లేకపోతే స్పెక్ట్రమ్‌నే సరిచేయాలి. 1991లో వాంగ్, వెల్ట్‌క్యాంప్, కొవాల్‌స్కీ చెప్పిన పద్ధతి అదే: కొన్ని శాంపిళ్ళని రెండు మెషీన్ల మీదా కొలిచి, కొత్తదాని చూపుని పాతదాని చూపులోకి ముక్క ముక్కగా తర్జుమా చెయ్యడం.

"రెండు మెషీన్ల మీదా" అన్నది గమనించారా? చాలామంది పాతదాన్ని అమ్మేశాక ఈ మాట వింటారు! అందుకే నా వాదన ఇది. కొత్తది కుదురుకునేదాకా పాతదాన్ని వదలకండి. తేమ మారకుండా సీలు వేసిన శాంపిళ్ళని దాచుకోండి. బదిలీకి వాడని శాంపిళ్ళని ల్యాబులో పరీక్షించి సరిచూడనిదే "అయిపోయింది" అని సంతకం పెట్టకండి. అన్నిటికన్నా ముఖ్యం, స్పెక్ట్రాలూ ల్యాబు అంకెలూ ఎవరైనా తెరవగలిగే ఫార్మాట్‌లో మీ చేతికి ఇస్తామని కొనేముందే రాయించుకోండి. శాంపిళ్ళు మీవి, ల్యాబు ఖర్చు మీది. తాళంచెవి మాత్రం అమ్మినవాడి దగ్గర ఉండటం ఏం న్యాయం?

కంపెనీల వైపూ ఒక మాట ఉంది. ఎవరుబడితే వాళ్ళు మోడల్‌ని కెలికితే చెడ్డపేరు వాళ్ళకే వస్తుంది. నిజమే. కానీ దానికి మందు ఎవరు ఏం మార్చారో రాసి ఉంచడం, తాళం వెయ్యడం కాదు.

ఇదంతా ల్యాబువాళ్ళ గోల అనుకోకండి. ప్రొటీన్‌ని బట్టి గోధుమకి ధర కట్టే చోట, దశాంశం తర్వాత అంకె రైతు జేబులోంచే పోతుంది. మన ఊళ్ళలో 17 శాతం తేమ దగ్గర ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో జరిగే తగువులు మీకు తెలియనివి కావు. అక్కడి మీటర్లు పనిచేసే తీరు వేరు, ప్రశ్న మాత్రం ఒకటే. ఈ మెషీన్ చెప్పినదాన్ని పక్క మెషీన్ కూడా చెప్తుందా? ఆ ప్రశ్న వేసే హక్కు గింజ పండించినవాడికి ఉంది. జవాబు కాగితం మీద చూపించాల్సిన బాధ్యత మెషీన్ పెట్టినవాడిది.