పురాణకథయు, హెవీ మెటల్ సంగీతమును

పురాణగాథలను హెవీ మెటల్ సంగీతమునకు కూర్చి పాడుట అపచారమని మన గోదావరీ మండలములయందు పెద్దలు కొందఱు తలంచుచున్నారు. ఆ సంగీతము మా చెవులకును సుఖకరము కాదు. విద్యుచ్ఛక్తిచే గర్జించు గిటారులు, ఎడతెగని డ్రమ్ముల దెబ్బలు, పాటయో కేకయో తెలియని కంఠధ్వని - త్యాగరాజకృతులకు అలవడిన చెవికి ఇవి కటువుగా తోచుట సహజమే. అయినను మనకు రుచింపకుండుట వేఱు, తప్పగుట వేఱు. ఈ భేదమును మఱచి తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఈ సంగీతము ఇంగ్లండునందలి బర్మింగ్‌హామను కర్మాగారముల పట్టణమున పుట్టినది. అచ్చటి బ్లాక్ సబ్బత్ బృందపు మొదటి రికార్డు 1970లో వెలువడెను. అందు గిటారు వాయించిన టోనీ అయోమీకి అంతకు పూర్వమే రేకుల కర్మాగారమున యంత్రమునబడి రెండు వ్రేళ్ల కొనలు తెగినవి. అతడు వ్రేళ్లకు తొడుగులు చేసికొని, తరువాతి కాలమున తీగెలను వదులు చేసి వాయించెను. ఆ బరువైన నాదమే ఈ సంగీతమునకు గుర్తయ్యెను. కావున ఇది విలాసపురుషుల మేడలలో పుట్టిన విద్య కాదు, పనివాని గాయపడిన చేతినుండి పుట్టినది. దీనిని ఈసడించుటకు ముందు ఆ సంగతి తలంపవలయును.

ఈ సంగీతమున ఒకే గాథను మొదటి పాటనుండి తుదిపాటవఱకు అల్లిన ఆల్బములు పెక్కులు గలవు. మనము ముఖ్యముగా చూడవలసినది ఫిన్లండు దేశపు దృష్టాంతము. ఆ దేశము 1809 మొదలు 1917 వఱకు రష్యా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. చదువులును, కచేరీల వ్యవహారమును చిరకాలము స్వీడిషు భాషలో సాగెను. అట్టి దినములలో ఎలియాస్ లోన్‌రోట్ అను వైద్యుడు పల్లెవాండ్ర నోళ్లయందు నిలిచిన గాథలను సేకరించి, ‘కాలెవాలా’ అను కావ్యముగా కూర్చి 1835లో ప్రకటించెను. 1849లో దానిని 50 గీతములకు పెంచెను. ఫిన్నిషు ప్రజ తానొక జాతినని యెఱుగుటకు ఆ కావ్యము తోడ్పడెను. 1994లో అమోర్ఫిస్ అను ఫిన్లండు యువకబృందము ‘టేల్స్ ఫ్రమ్ ది థౌజండ్ లేక్స్’ అను హెవీ మెటల్ ఆల్బమును ఆ గాథలతోనే నిర్మించెను. 2009లో వెలువడిన వారి ‘స్కైఫోర్జర్’ ఆల్బమునకు, ఆకాశమును కొలిమిలో సాగగొట్టిన ఇల్మారినెన్ అను కమ్మరియే నాయకుడు. పరదేశపు బాలురు సైతము ఆ కమ్మరి పేరు నేర్చిరి. కాని వారు పాడినది ఇంగ్లీషున! స్వభాషవలన బ్రతికిన కావ్యము పరభాషలో లోకము తిరుగుట మనము గమనింపదగిన సంగతి. మన భారతసంతతివారు 1992లో సింగపూరున స్థాపించిన ‘రుద్ర’ బృందము కూడ 2005 నాటి ‘బ్రహ్మవిద్య’ ఆల్బమున వేదాంతవిషయములను ఇట్లే పాడినది.

ఇక మన మాట. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కొలువున నన్నయ భారతమును తెనిగింప మొదలిడినది మన రాజమహేంద్రవరముననే. సంస్కృత శ్లోకములలోని కథ గద్యపద్యముల క్రొత్త నడకను ఇచ్చట తాల్చెను. పిమ్మట కడియమున జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రియు, యెండగండిలో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రియు ఆ కథనే ఆఱు నాటకములుగా రచించిరి. వారి రాయబారపు పద్యములు చదువురాని రైతు నోటనైనను పలికినవి. ఆ పద్యములకు శ్రుతి కూర్చినదేది? ఐరోపానుండి వచ్చిన హార్మోనియము! దానిని 1940లో రేడియోవారు బహిష్కరించిరి. 1971 వఱకు ఆ నిషేధము సడలలేదు. అయినను మన రంగస్థలము దానిని విడువలేదు. నేడు హార్మోనియము లేని పద్యనాటకమును మన పెద్దలే ఒప్పుకొనరు.

కథను రికార్డులయందు నడపుటయు మనకు క్రొత్త కాదు. ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిమిషములు మాత్రమే పట్టు గ్రామఫోను కాలముననే పౌరాణిక నాటకములను మనవారు పలు రికార్డుల సెట్లుగా వినిరి. వైపునకు 20 నిమిషములకు మించి పట్టు రికార్డు అమెరికాలో వెలువడినది 1948లో. పాశ్చాత్యుల ఆల్బమునకు వలసిన తావు దానివలన కలిగెను. వారు పెద్ద పలకపై చేసిన పనిని మనము చిన్న పలకలపై ముందే చేసితిమి.

కావున వాద్యమును గూర్చి మాకు భయము లేదు. మా భయము పద్యమును గూర్చి. ఈ విషయమున మన పెద్దలును నిర్దోషులు కారు. పద్యపు తుదియక్షరమును పట్టుకొని నిమిషములకొలది రాగము తీసి, ‘వన్స్ మోర్’ కేకలకై భావమును బలిపెట్టిన నటులను మనము చూడలేదా? వారు రాగమున ముంచిన మాటను వీరు రొదలో ముంచిన, దోషము రెండింటను ఒక్కటే. శార్దూలమున పాదమునకు 19 అక్షరములు, 13వ యక్షరమున యతి. మత్తేభమున 20 అక్షరములు, 14వ యక్షరమున యతి. ప్రతిపాదమున రెండవ యక్షరము ప్రాస. సమ్మెటదెబ్బవలె నియతస్థానమున పడు ఈ యతిప్రాసలను గిటారు దెబ్బతో కలిపినచో, మాట మునుగుటకు మాఱుగ తేలును. ఇది మన యువకులు చేయదగిన సాధన.

మఱొక హెచ్చరిక. ఈ సంగీతము క్రోధమును చక్కగా పలుకును. భారతమును శత్రుసంహారపు జయభేరిగా మాత్రమే మ్రోగించుట సులభము. కాని భారతము అచ్చట ఆగలేదు. నిద్రించువారిని అశ్వత్థామ నఱికిన రాత్రియు, నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న గాంధారి రణభూమిలో విలపించుటయు, గెలిచిన ధర్మరాజు రాజ్యము వలదనుటయు భారతమే. సౌప్తిక స్త్రీపర్వములను విడిచి గదాయుద్ధమును మాత్రము పాడువాడు కథలో సగము దొంగిలించినవాడగును. జాతికి బలమిచ్చునది ఆ శోకము నెఱిగిన వీరము.

యువకులారా! గిటారు పట్టుడు, మేము వలదనము. కాని ముందు మీ యూరి వృద్ధనటుని యింటికి పోయి, పద్యమును విఱుపుతో, భావముతో చదువ నేర్చికొనుడు. తెలుగుననే పాడుడు. పాడిన పద్యములను అర్థముతో అచ్చువేసి రికార్డుతో నిండు. పెద్దలారా! ఉత్సవములకు మీరిచ్చు చందాలలో కొంత ఈ ప్రయత్నమునకు కేటాయింపుడు. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము మొదలు పల్లెల పఠనమందిరములవఱకు ఒక సాయంకాలము వృద్ధనటుని పద్యమును, యువకుల గిటారును ఒకే వేదికపై వినిపింపుడు. విన్న పిమ్మట తీర్పు చెప్పుదము. వినకయే తలుపులు మూసినచో, మన పిల్లలు ఇల్మారినెన్ కథను ఇంగ్లీషున నేర్తురు, అశ్వత్థామ యెవరని మనల నడుగుదురు. ఆ దినమున తప్పు గిటారుది కాదు, మనది.